పేర్చే చేతులు: బొమ్మల కొలువు నుంచి ప్లాస్టిక్ ఇటుకల దాకా

మన ఊరి పేరు ముందు ‘స్టేషన్’ అనే మాట ఎందుకు చేరిందో పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. ఘన్‌పూర్ పేరుతో ఊళ్లు మరికొన్ని ఉన్నాయి. కాకతీయుల నాటి కోటగుళ్లున్న ములుగు ఘణపురం ఒకటి, పాలమూరు వైపు కొండకోట గల ఖిల్లా ఘనపురం ఇంకొకటి. నిజాం ప్రభుత్వ రైలు మార్గం 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు, 1886 నాటికి వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. ఆ దారిలో జనగామకు, కాజీపేటకు నడుమ బండి ఆగే ఘన్‌పూర్ కనుక మనది స్టేషన్ ఘన్‌పూర్ అయింది.

బండి ఆగే ఊళ్లో పుట్టిన పిల్లలకు మొదటి ఆటవస్తువు రైలే. ఖాళీ అగ్గిపెట్టెలను దారంతో వరుసగా గుచ్చి, ముందు పెట్టెకు ఒక గొట్టం అతికించి, నోటితో కూత వేస్తూ వాకిట్లో లాగిన తరం మనది. నేడు మన మనవలు, మనవరాళ్లు రంగురంగుల ప్లాస్టిక్ ఇటుక ముక్కలతో రైలు, ప్లాట్‌ఫారం, సిగ్నల్ స్తంభం, టీ కొట్టు కడుతున్నారు. కొందరు పెద్దలు సైతం ఉద్యోగాల నుంచి ఇంటికి వచ్చాక ఇదే అభిరుచిగా పెట్టుకుని వేలాది ముక్కలతో ఊళ్లకు ఊళ్లే నిర్మిస్తున్నారు. ‘ఇదంతా పాశ్చాత్యుల సరదా, మనకేమిటి?’ అని అనిపించడం సహజం. కాని మన జిల్లా చరిత్రను కాస్త తరచి చూస్తే, చిన్న బొమ్మలతో ఒక లోకాన్ని నిలబెట్టి చూపే విద్య మనకు కొత్త కాదని తెలుస్తుంది.

పేర్చడం అనే మాట

ముందుగా మన భాషనే అడుగుదాం. బతుకమ్మను మనం ‘చేయము’, ‘కట్టము’; ‘పేరుస్తాము’. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరచి, తంగేడు, గునుగు, కట్ల పూలు వరుస మీద వరుసగా తిప్పుతూ, కింద వెడల్పు, పైన సన్నం అయ్యేట్టు నిలబెట్టడం చిన్న పనేమీ కాదు. అడుగు వరుస సరిగా కూర్చోకపోతే పైది ఒరిగిపోతుంది. లోపల నింపే ఆకు తక్కువైతే నడుము కుంగుతుంది. మన ఇండ్లలో ఆడపిల్లలు ఏ ఇంజనీరింగు కాలేజీకి పోకముందే ఈ లెక్కలన్నీ చేతివేళ్లతో నేర్చుకున్నారు.

పెత్రమాసకు ముందు కన్నెపిల్లలు ఆడే బొడ్డెమ్మ సంగతి ఇంకా ముచ్చటైనది. పుట్టమన్ను తెచ్చి, తడిపి, పీట మీద నలుచదరంగా మెట్లు మెట్లుగా కట్టి, ఎర్రమన్ను అలికి, ముగ్గు వేసి పూలు పెడతారు. అది మట్టితో కట్టిన చిన్న గోపురమే. ఏరువాక పున్నమికి చేసే మట్టి ఎడ్లు, జొన్నదంటు బెండుకు దాని పైబెరడు పుల్లలనే మేకులుగా గుచ్చి చేసిన బండ్లు, కళ్లజోళ్లు, తాటిబుర్రల చక్రాల బండి కూడా ఈ కోవలోనివే. జొన్నబెండు ఆటలో ఒక విశేషం గమనించదగ్గది. అందులో జిగురు లేదు, దారం లేదు. బెండు ముక్కకు పుల్ల గుచ్చితే నిలుస్తుంది, లాగితే ఊడుతుంది. అవే ముక్కలతో పొద్దున బండి, సాయంత్రం మంచం చేయవచ్చు. ఈనాటి ప్లాస్టిక్ ఇటుకల సూత్రం కూడా సరిగ్గా ఇదే.

కథ చెప్పే బొమ్మలు

బొమ్మలను వరుసగా నిలిపి కథను కళ్లకు కట్టించే విద్యకు మన ప్రాంతంలో ఘనమైన చరిత్ర ఉంది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగే దాకా చేర్యాల, మన ఊరు ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. ఇప్పుడు చేర్యాల సిద్దిపేట జిల్లాలోను, మన మండలం జనగామ జిల్లాలోను చేరాయి. చేర్యాల నకాషీ చిత్రకారుల పేరు అందరూ విన్నదే. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద మట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేల రంగు మీద కథంతా వరుస గడులుగా రాసి, ముప్పై నలభై అడుగుల పొడవు పటాలు వీరు తయారు చేసేవారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగల వారు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారు ఆ పటాలను ఊరూరా విప్పి రాత్రంతా గానం చేసేవారు.

అయితే పటంతో కాక బొమ్మలతో కథ చెప్పే వారు మందహెచ్చుల వారు. గొల్లలకు ఆశ్రితులైన ఈ కళాకారులు కాటమరాజు కథను చెబుతారు. పశువుల మేతకు కట్టవలసిన పుల్లరి విషయంలో తగవు ముదిరి, కాటమరాజుకు నెల్లూరు ప్రభువుకు మధ్య యుద్ధం దాకా పోయిన కథ అది. ఆ కథలోని వీరులు, స్త్రీలు, దేవతలు, పశువులు అన్నింటికీ చేర్యాల నకాషీలు పదుల సంఖ్యలో కర్రబొమ్మలు చేసి ఇచ్చేవారు. తేలికైన పొణికి కర్రను చెక్కి, రంపపు పొట్టును ఉడికించిన చింతగింజల ముద్దతో కలిపి పైన మెత్తి, ఆరాక సుద్ద పూసి, రంగులు వేసేవారు. కథకుడు వాటిని పెట్టె నుంచి ఒక్కొక్కటే తీసి, కథ నడిచిన కొద్దీ జనం ముందు నిలబెట్టేవాడు. తెల్లవారేసరికి ఆ నేల మీద ఒక రాజ్యమంతా కొలువు తీరి ఉండేది.

ఇటువంటి దృశ్యరచనను ఇంగ్లీషు వారు ‘డయొరామా’ అంటారు. ఆ మాటను ప్యారిస్‌లో డాగుర్ అనే చిత్రకారుడు 1822లో తన వెలుగునీడల ప్రదర్శనశాలకు పెట్టిన పేరుగా ప్రచారంలోకి తెచ్చాడు. ఈయనే తరువాత తొలి ఫొటోగ్రఫీ పద్ధతులలో ఒకదానికి కర్త అయ్యాడు. క్రమంగా ఆ మాట మ్యూజియంలలో అద్దాల వెనుక నిలిపే అడవులు, యుద్ధభూముల నమూనాలకు, ఆ తరువాత అభిరుచితో ఇంట్లో నిర్మించే చిన్న దృశ్యాలకు వర్తించింది. హైదరాబాదు శిల్పారామంలోని గ్రామీణ మ్యూజియంలో కుమ్మరి సారె, మగ్గం, కమ్మరి కొలిమి దగ్గర నిలిపిన ప్రతిమలను చూసినవారికి ఈ పద్ధతి పరిచయమే. మాట పరాయిదే గాని పని మందహెచ్చుల వారికి ఎప్పటి నుంచో తెలిసినదే.

కొలువు మెట్లు

ఇంటి లోపలికి వస్తే, బొమ్మల కొలువు మరొక సంప్రదాయం. కోస్తా జిల్లాలలో సంక్రాంతి మూడు రోజులు ఎక్కువగా పెడతారు. మన వైపు కొన్ని ఇళ్లలో దసరాకు పెట్టడం ఉంది. తమిళులకు నవరాత్రి కొలు, కన్నడిగులకు దసరా గొంబె. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది అని బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తెల్లని బట్ట పరచి, పై మెట్టున దేవతలను, కింది మెట్లకు వచ్చేకొద్దీ పెళ్లి తంతు, కోమటి కొట్టు, కల్లు గీసే తాడిచెట్టు, ఎడ్లబండి, పోలీసు, పోస్టుమాను ఇలా లోకవృత్తాన్ని నిలుపుతారు. మెట్ల పక్కన నేల మీద మాత్రం పిల్లలదే రాజ్యం. మట్టి పోసి ఆవాలు చల్లి మొలకెత్తించిన పచ్చిక, అద్దం ముక్కతో చెరువు, అగ్గిపెట్టెలతో ఇళ్లు. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేర్చాలనేది ఆచారం. అందుచేత పాత కొలువు ఒక కుటుంబ చరిత్ర కూడా అవుతుంది. ఏ బొమ్మ ఏ యాత్రలో కొన్నదో, ఏ బొమ్మ పుట్టింటి నుంచి వచ్చిందో ఇంటి పెద్దావిడ వరుసగా చెప్పగలదు.

క్రైస్తవ సోదరుల ఇళ్లలో క్రిస్మస్‌కు కట్టే పశువుల పాక కూడా ఇటువంటిదే. ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో మొదట దీనిని ఏర్పాటు చేశాడని చరిత్ర. గడ్డి, వెదురు, కాగితంతో మన పిల్లలు కట్టే ఆ పాకలో పశువులు, గొర్రెల కాపరులు మన పల్లె వేషాలతోనే కనబడతారు.

ఈ కొలువులకు బొమ్మలు సరఫరా చేసిన ఊళ్లు మనకు గర్వకారణం. విజయవాడ దగ్గరి కొండపల్లి, ఆదిలాబాదు వైపు నిర్మల్, విశాఖ దిక్కున ఏటికొప్పాక, ఎర్రచందనపు బొమ్మలకు తిరుపతి. కొండపల్లి బొమ్మను ఒకే దుంగలో చెక్కరు. తల, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో అతికి, సుద్ద పూసి రంగు వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కరంగు ఎక్కిస్తారు. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ రాజపథాన, అంటే ఇప్పుడు కర్తవ్యపథంగా పిలిచే దారిలో, ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచినవి ఈ ఏటికొప్పాక బొమ్మలే.

డెన్మార్క్ వడ్రంగి

ఇక ప్లాస్టిక్ ఇటుకల కథ. ఇది కూడా ఒక వడ్రంగి ఇంట్లోనే మొదలైంది. డెన్మార్క్‌లో బిలుండ్ అనే చిన్న ఊరు. ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగికి ప్రపంచ ఆర్థిక మాంద్యంలో ఇళ్లపని తగ్గిపోయింది. 1932లో ఆయన కర్రబొమ్మలు చేసి అమ్మసాగాడు. 1934లో తన వ్యాపారానికి ‘లెగో’ అని పేరు పెట్టాడు. డేనిష్ భాషలో ‘బాగా ఆడుకో’ అనే రెండు మాటల కుదింపు అది. 1942లో కార్ఖానా కాలిపోతే మళ్లీ కట్టాడు. యుద్ధానంతరం ప్లాస్టిక్ పోతపోసే యంత్రం కొన్నాడు. ఇంగ్లండులో హిలరీ పేజ్ అనే ఆయన అప్పటికే తయారు చేసిన ప్లాస్టిక్ ఇటుకలను చూసి, 1949లో తానూ అటువంటివి చేశాడు. అవి సరిగా పట్టుకునేవి కావు. కట్టిన ఇల్లు చేయి తగిలితే జారిపోయేది.

ఈ చిక్కును ఆయన కుమారుడు గాట్‌ఫ్రెడ్ విప్పాడు. ఇటుక పైన బుడిపెలు, లోపల గొట్టాలు. పై ఇటుక గొట్టాలకు కింది ఇటుక బుడిపెలు ఒరుసుకుని నిలుస్తాయి. 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. తండ్రి అదే ఏడాది కన్నుమూశాడు. 1960లో కర్రబొమ్మల గోదాము అగ్నికి ఆహుతి కాగా, ఆ కంపెనీ కర్రపనికి స్వస్తి చెప్పి పూర్తిగా ప్లాస్టిక్‌కు మారింది. 1958లో పోసిన ఇటుక ఈనాటి ఇటుకకు ఇప్పటికీ పడుతుంది. తాత కొన్న ముక్కను మనవడు వాడుకోగలగడమే ఈ వస్తువు బలం. 1978లో కదిలే కాళ్లు చేతులు గల నాలుగు సెంటీమీటర్ల మనిషిబొమ్మ వచ్చింది. దానితో ఖాళీ ఇళ్లలోకి మనుషులు వచ్చినట్లయింది. కట్టడం పోయి కథ మొదలైంది. పేటెంట్ల గడువు తీరాక అనేక ఇతర కంపెనీలు కూడా ఇటువంటి ఇటుకలు తయారు చేస్తున్నాయి.

లెక్కలంటే ఇష్టమున్న మిత్రుల కోసం ఒక ముచ్చట. ఎనిమిది బుడిపెల ఇటుకలు, ఒకే రంగువి, రెండు తీసుకుంటే 24 విధాలుగా కలపవచ్చు. మూడయితే 1,060 విధాలు. ఆరయితే? కంపెనీ చాలాకాలం 10,29,81,500 అని చెప్పుకున్నది. అది ఆరింటినీ ఒకదానిపై ఒకటి ఆరు అంతస్తులుగా నిలిపే లెక్క మాత్రమే. పక్కపక్కన పెట్టే పద్ధతులు కూడా కలిపి సోరెన్ ఐలర్స్ అనే డెన్మార్క్ గణితాచార్యుడు కంప్యూటరుతో లెక్క కట్టగా 91,51,03,765 అని తేలింది. గుప్పెడు ముక్కల్లో తొంభై కోట్ల పైచిలుకు రూపాలు!

అభిరుచిగా కట్టేవారి పద్ధతి

పెట్టెలో వచ్చిన పుస్తకం చూసి బొమ్మ కట్టడం ఒక ఎత్తు, సొంతంగా దృశ్యాన్ని ఊహించి కట్టడం మరొక ఎత్తు. రెండవదే అసలైన కళ. అభిరుచిగల పెద్దలు ముందు కాగితం మీద గీసుకుంటారు. ముప్పై రెండు బుడిపెల పొడవు, అంతే వెడల్పు గల పలకలను నేలగా పరుస్తారు. బుడిపెకు బుడిపెకు నడుమ ఎనిమిది మిల్లీమీటర్లు కనుక ఒక్కొక్క పలక ఇరవై అయిదు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. ఆపైన కొలత సమస్య వస్తుంది. మనిషిబొమ్మ నాలుగు సెంటీమీటర్లు. అయిదున్నర అడుగుల మనిషికి అది దాదాపు నలభై రెండో వంతు. ఆ లెక్కన మూడు వందల మీటర్ల ప్లాట్‌ఫారం కట్టాలంటే ఏడు మీటర్ల పొడవు కావాలి. ఏ ఇంట్లో సాధ్యం? అందుకని ఏది ఉంచాలి, ఏది కుదించాలి అని ఆలోచించాలి. పది స్తంభాలకు బదులు మూడు, ఇరవై బోగీలకు బదులు నాలుగు. చూసేవానికి మాత్రం స్టేషన్ అనే భావన కలగాలి. చిత్రకారుడు నలభై అడుగుల పటంలో భారతమంతా ఇమిడ్చినప్పుడు చేసిన పని కూడా ఇదే కదా!

రెండవది, రంగు. ప్లాస్టిక్ ముక్కల్లో మన మట్టి రంగు, మన ఎండిన గడ్డి రంగు వెతుక్కోవాలి. మూడవది, జీవం. ఖాళీ వీధి ఎంత బాగా కట్టినా బొమ్మల దుకాణంలా ఉంటుంది. మూట నెత్తిన పెట్టుకుని పరుగెత్తే మనిషి ఒకడు, బెంచీ మీద నిద్రపోయేవాడు ఒకడు, కుక్క ఒకటి ఉంటే అది స్టేషన్ అవుతుంది. విదేశాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో కొందరు సంక్రాంతి, దసరా కొలువుల పక్కన పిల్లలు ఇటుకలతో కట్టిన ఊరిని కూడా ఉంచుతున్నారు. ఆవాల పచ్చిక ఉండే చోట ప్లాస్టిక్ పచ్చిక వచ్చింది. స్థలం అదే, చేతులు పిల్లలవే.

ఏది పోతున్నది?

అయితే అంతా బాగున్నదని సంతోషించి ఊరుకోవడానికి లేదు. మందహెచ్చుల వారి బొమ్మల పెట్టెలు ఎందుకు తగ్గాయి? బొమ్మలు పాతవై కాదు. కథ చెప్పించుకునేవారు తగ్గారు. సినిమా, తరువాత టీవీ వచ్చాక రాత్రంతా కూర్చుని కాటమరాజు కథ వినే ఓపిక ఊళ్లలో సన్నగిల్లింది. కథకుడు రానప్పుడు నకాషీకి కొత్త బొమ్మల జత చేసే పని లేదు. చేర్యాల కుటుంబాలు చిన్న పటాలు, గోడకు తగిలించే మాస్కులు, అలంకార వస్తువుల వైపు మళ్లి బతుకుతెరువు నిలుపుకున్నాయి. ధనాలకోట వైకుంఠం నకాష్ వంటి కళాకారులు జాతీయ గుర్తింపు తెచ్చారు. కాని అలంకారానికి కొన్న ఒక్క బొమ్మ కథలోని బొమ్మ కాదు. పొణికి కర్ర దొరకడం కష్టమవుతున్నదని బొమ్మల కళాకారులు చాలాకాలంగా చెబుతున్నారు. కర్ర కొరతకు మొక్కలు నాటవచ్చు. వినేవారి కొరతకు మందు మన చేతిలోనే ఉంది.

ప్రభుత్వం 2020లో దిగుమతి ఆటవస్తువుల మీద సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు భారతీయ ప్రమాణాల ముద్ర తప్పనిసరి చేసింది. నమోదైన హస్తకళాకారులకు అందులో మినహాయింపు ఇచ్చింది. ఇవి మంచి చర్యలే. అయితే సుంకం బొమ్మను కాపాడవచ్చు గాని బొమ్మ పేరును కాపాడలేదు. కొలువులోని ఒక బొమ్మను చూపి ‘ఇదెవరు తాతా?’ అని మనవడు అడిగినప్పుడు చెప్పేవారు లేకపోతే, అది రంగువేసిన కర్రముక్కే.

ప్లాస్టిక్ ఇటుకల విషయంలోనూ ఈ ప్రమాదం ఉంది. ఖరీదైన పెట్టె కొనిచ్చి, పుస్తకంలో చూపినట్టు కట్టించి, అల్మారాలో పెట్టి తాళం వేస్తే పిల్లవాడు నేర్చినది సూచనలు పాటించడం మాత్రమే. ఊడదీసి మళ్లీ కట్టినప్పుడే ఆ తొంభై కోట్ల రూపాల్లో తనదొకటి దొరుకుతుంది. మూడేళ్లలోపు పిల్లలకు చిన్న ముక్కలు ఇవ్వకూడదన్న జాగ్రత్త కూడా మరువరాదు.

మిత్రులకు మనవి

ఉద్యోగ విరమణ తరువాత మనకు మిగిలిన పెద్ద ఆస్తి సమయం. మన మనవలకు కరువైనదీ అదే. వేసవి సెలవులకో దసరాకో పిల్లలు వచ్చినప్పుడు వారి ఇటుకల పెట్టె తెరిపించండి. విమానాశ్రయం బదులు మన ఊరు కట్టమనండి. రైలుగేటు, చిల్పూరు గుట్ట మీది గుడి, సంత, చెరువు కట్ట, పాత బడి. మీ చిన్ననాడు ఏది ఎక్కడ ఉండేదో చెప్పండి. ఇటుక వాళ్లు పెడతారు, జాగా మీరు చూపండి. తాటిచెట్టుకు ఆకుపచ్చ ముక్కలు చాలకపోతే నిజమైన తాటాకు పెట్టుకోవచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు.

వీలైతే ఒకమారు చేర్యాల దాకా వెళ్లి, ఒక్క బొమ్మకు బదులు ఒక కథకు సరిపడే రెండు మూడు బొమ్మలు కొని, వాటిని పిల్లల ఇటుకల ఊళ్లో నిలబెట్టండి. కాటమరాజు ప్లాస్టిక్ వంతెన దాటి పశువులను తోలుకు పోయినా తప్పేమీ లేదు. ఇంట్లో పాత కొలువు పెట్టె ఉంటే, ప్రతి బొమ్మ అడుగున అది ఎప్పుడు, ఎక్కడ నుంచి వచ్చిందో చిన్న చీటీ అతికించండి. ఆ వివరం తెలిసినవారు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఒకరిద్దరే ఉన్నారు. ఆ ఒకరిద్దరు మనమే.